ఆల్థాన్‌లో నాగసాకి చారు

భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, మరణిస్తే కాశీలో మరణించాలి అని గుజరాతీ భాషలో ఒక సామెత ఉన్నది. రెండవ దానికి ఇంకా తొందర లేదు గనుక మొదటి దాని సంగతి చూద్దామని 2023 డిసెంబరులో సెలవు పెట్టి సూరత్ బయలుదేరాము. అసలు కారణం మా అమ్మాయి, అల్లుడు అక్కడ ఆల్థాన్‌లో కాపురం ఉండటమే. అల్లుడు ముంబయి–అహ్మదాబాదు హైస్పీడు రైలు మార్గపు పనిలో సివిల్ ఇంజనీరు. 2017 సెప్టెంబరు 14న శంకుస్థాపన జరిగిన ఈ 508 కిలోమీటర్ల మార్గానికి జపాను వారి షిన్‌కాన్సెన్ ఆధారం గనుక, వారి సంకేతిక పరిజ్ఞానంతో పాటు వారి వంటకం ఒకటి కూడా మా అమ్మాయి వంటింటికి వచ్చి చేరింది. ఊరు చూడబోయిన మేము ఆ వంట నేర్చుకొని తిరిగి వచ్చాము. అది ఎలా జరిగినదో చెప్పటానికే ఈ వ్యాసం.

విశాఖ నుండి గాంధీధామ్ వెళ్ళే రైలు బల్లార్ష, వార్ధా, భుసావల్ దాటి తపతీ లోయ వెంట సూరత్ చేరుతుంది. ఒక పగలు, ఒక రాత్రి దాటి మరికొన్ని గంటలు ప్రయాణం. వరంగల్లులో పెట్టె సగం నిండిపోయింది. ఎక్కినవారిలో చాలామంది సూరత్ మరమగ్గాల మీద పనిచేసే పద్మశాలీలు. వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుండి తరాలుగా వలస వెళ్ళిన ఈ నేతగాళ్ళు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడ్డారు. మా ఎదుటి బెర్తులోని పెద్దాయన మా అల్లుడి ఇల్లు ఆల్థాన్‌లో అని వినగానే, "అది పెద్దోళ్ళ దిక్కు సార్, చేప వాసన వస్తే ఊరుకోరు" అన్నాడు. ఆ మాటకు మేము నవ్వాము. మా శ్రీమతి నవ్వలేదు.

ఆమె నవ్వకపోవటానికి కారణం ఇక్కడే చెప్పవలసి ఉన్నది. 2021 మే నెలలో కరోనా సోకి కోలుకొన్న తరువాత ఆమెకు ఘ్రాణశక్తి తిరిగి రాలేదు. అంతకు ముందు, హాలులో కూర్చొని వంటింట్లోని ఇంగువ పోపు మాడబోతున్నదని అరనిమిషం ముందే చెప్పగల మనిషి ఆమె. వ్యాధి తగ్గిన కొన్ని నెలలకు ఒక ఉదయం మేము నడక నుండి తిరిగి వచ్చేసరికి గుమ్మంలోనే గ్యాసు వాసన గుప్పుమన్నది. లోపల స్టవ్ మీట తిరిగి ఉన్నది, మంట లేదు. ఆమె ఆ పక్కనే పీట వేసుకొని బెండకాయలు తరుగుతున్నది. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు. కారితే తెలియటానికే అందులో మెర్‌కాప్టన్ కలుపుతారు. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారుతుంది, ముక్కును నమ్మవద్దు, మీటరును నమ్మండి అని కర్మాగారంలో ముప్పయి ఏండ్లుగా కొత్తవారికి పాఠం చెబుతున్న మేము, మా ఇంట్లో మీటరు పెట్టాలన్న ఆలోచనే చేయలేదు. ఆ రోజే పెట్టించాము. కానీ ఆ రోజు నుండి ఆమె పొయ్యి దగ్గరకు రావటం మానివేసింది. వంటమనిషిని పెట్టుకొన్నాము. ఏది వండినా ఆమె నాలుగు ముద్దలు తిని, "గడ్డిలా ఉందండీ" అని లేచేది. భోజనం సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేది. ఈ సంగతి బంధువులకు సైతం చెప్పనివ్వలేదు.

ఆల్థాన్ సూరత్‌కు నైరుతి దిక్కున, భటార్‌ను ఆనుకొని ఉన్నది. ఒకవైపు ఎత్తయిన అపార్టుమెంట్లు, మరొకవైపు కాంకరా ఖాడీ. ఖాడీ అంటే ఆటుపోట్లు తగిలే వాగు. ఆ వాగు ఒడ్డున నగరపాలక సంస్థ పెంచిన జీవవైవిధ్య వనంలో మేము రోజూ ఉదయం నడిచేవాళ్ళము. నడిచే దారి శుభ్రంగా ఉన్నది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం రైళ్ళెక్కి పారిపోయిన ఊరు ఇదేనంటే ఈనాటి పిల్లలు నమ్మరు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చి ఊరి చెత్తను, మురుగును దారికి తెచ్చినవారు మన తెలుగువారైన ఎస్. ఆర్. రావు గారు. చాయ్ దుకాణంలో మేము తెలుగువాళ్ళమని తెలిసిన ఒక వృద్ధుడు ఆయన పేరు ఎత్తి, మా చాయ్ డబ్బు తీసుకోనివ్వలేదు. మనం చేయని పనికి మర్యాద పొందటం కొంచెం ఇబ్బందే గానీ, చాయ్ బాగున్నది.

ఆల్థాన్‌ను ఆనుకొనే భీమ్‌రాడ్ గ్రామం ఉన్నది. 1930 ఏప్రిల్ 6న దండిలో ఉప్పు తీసిన గాంధీజీ మూడు రోజుల తరువాత, 9వ తేదీన, ఈ భీమ్‌రాడ్‌లోనూ ఉప్పు తీశారు. ఇక ఖజోద్ వైపు వెళితే వజ్రాల వ్యాపారానికి కట్టిన మహాభవనం. మేము అక్కడ ఉండగానే డిసెంబరు 17న ప్రధానమంత్రి దానిని ప్రారంభించారు. ఆనాటి ట్రాఫిక్‌లో మేము రెండు గంటలు సోస్యో సర్కిల్ దగ్గర చిక్కుకొన్నాము. 1923 నుండి సూరత్‌లో తయారవుతున్న సోస్యో పానీయం పేరు మీద ఆ కూడలి వెలసింది. ఆ రెండు గంటలలో మేమూ ఒక సీసా తాగాము. మళ్ళీ తాగాలని అనిపించలేదు.

చేరిన మూడవ రోజున అల్లుడు ఒక పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. లోపల నల్లటి, తోలు వంటి పట్టీలు. పైన తెల్లటి పొడి. "మామయ్య గారూ, ఇది కొంబు. సముద్రపు నాచు. మాతో పనిచేసే జపాను ఇంజనీరు గారు ఇచ్చారు. వారిది నాగసాకి. వచ్చే వారం స్వదేశం వెళ్ళిపోతున్నారు. వెళ్ళే ముందు ఆదివారం మన ఇంటికి భోజనానికి పిలిచాను. వారి ఊరి చాంపోన్ మనమే చేసి పెడదామని అనుకొంటున్నాము" అన్నారు.

చాంపోన్ అంటే రొయ్యలు, స్క్విడ్, గుల్లలు, క్యాబేజీ, మొలకలు వేయించి, చారు పోసి, ఆ చారులోనే నూడుల్స్ ఉడికించే వంటకం. నాగసాకిలో షికైరో అనే భోజనశాల పెట్టిన చెన్ పింగ్‌షున్ అనే చైనీయుడు మెయిజీ చక్రవర్తి కాలం చివరి భాగంలో దీనిని కల్పించాడని చెబుతారు. చేతిలో డబ్బు లేని చైనా విద్యార్థులకు చవకగా, కడుపు నిండా పెట్టటం ఆయన ఉద్దేశం. అక్కడ ఎముకల చారు వాడతారు, పంది కొవ్వులో వేయిస్తారు. మేము ఆ రెండూ వదలి, చారును పూర్తిగా సముద్రం సరకుతోనే చేయాలని నిశ్చయించుకొన్నాము.

నాగసాకి అనగానే మనకు 1945 గుర్తుకు వస్తుంది. కానీ అంతకు చాలా ముందే ఆ ఊరికీ, సూరత్‌కూ, మన మచిలీపట్నానికీ సంబంధం ఉన్నది. డచ్చి వారు పదిహేడవ శతాబ్ది ఆరంభంలో మచిలీపట్నంలోనూ, తరువాత సూరత్‌లోనూ వర్తకశాలలు పెట్టారు. 1641 నుండి నాగసాకి రేవులోని దెజిమా దీవిలో వారికి మాత్రమే ఐరోపావారిగా చోటు దొరికింది. మన దేశపు అద్దకపు బట్టలు వారి ఓడలలో అక్కడికి వెళ్ళేవి. జపానులో వాటిని సరాసా అంటారు. సూరత్‌లో డచ్చి వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మలబారు మొక్కల మీద మహాగ్రంథం వేయించిన వాన్ రీడ్ సమాధి అక్కడిదే. ఒక సాయంత్రం వెళ్ళి చూసి వచ్చాము. సమాధి అనటం కంటే చిన్న మేడ అనటమే సబబు.

సరే, వంటకు వద్దాము. మా శ్రీమతి సోఫాలో కూర్చొని పత్రిక తిరగవేస్తున్నది. మేము అల్లుడితో ఉమామి గురించి మాట్లాడుతున్నాము. 1908లో తోక్యో విశ్వవిద్యాలయంలో కికునాయె ఇకెదా అనే రసాయన ఆచార్యుడు కొంబు చారులోని ప్రత్యేక రుచికి గ్లూటమేట్ కారణమని కనుగొని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు అదే అజినమోటో పేరుతో అంగట్లోకి వచ్చింది. 1913లో ఆయన శిష్యుడు కొదామా ఎండు చేపలో ఇనోసినేట్ అనే మరొక పదార్థాన్ని పట్టుకొన్నాడు. ఈ రెండూ కలిసినప్పుడు రుచి కూడిక కాదు, గుణకారం. నాచు, ఎండుచేప కలిపి చారు కాచే జపాను పద్ధతికి మూలం ఇదే. మనమూ తెలియకుండా ఆ పనే చేస్తాము. పండిన టమాటాలో గ్లూటమేట్ ఉన్నది. టమాటా వేసిన నెత్తళ్ళ పులుసు రుచి మన కోస్తా వారికి వేరే చెప్పనక్కరలేదు.

"ఇది ముక్కుకు తెలిసేదా, నాలుకకు తెలిసేదా?" అని సోఫాలో నుండి ప్రశ్న వచ్చింది.

మేము జవాబు చెప్పటానికి కొంత తడబడ్డాము. మనం రుచి అనుకొనే దానిలో చాలా భాగం నిజానికి వాసన. నమిలేటప్పుడు గొంతు వెనుక నుండి ముక్కుకు చేరుతుంది. ఇంగువ, కొత్తిమీర, నెయ్యి, యాలకులు ఈ కోవవి. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకవి. ఉమామి కూడా నాలుకదే. కారం రుచే కాదు, అది మంట. ఈ మాటలు చెప్పి ఊరుకొన్నాము. ఆమె పత్రిక మూసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వంటింట్లో గిన్నె చప్పుడు వినిపించింది. రెండున్నర ఏండ్ల తరువాత విన్న చప్పుడు.

నూడుల్స్ బాధ్యత మాది. వీటికి మైదాతో పాటు క్షారం కావాలి. క్షారం వల్ల పిండికి సాగుడు, బిగువు వస్తాయి. గోధుమలోని వర్ణద్రవ్యాలు పసుపు పచ్చగా మారతాయి. జపానులో కన్‌సుయి అనే క్షారజలం వాడతారు. ఇంట్లో దానికి సులభమైన ఉపాయం ఉన్నది. వంటసోడాను పళ్ళెంలో పరచి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే నీరు, బొగ్గుపులుసు వాయువు పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. 168 గ్రాములు వేస్తే 106 గ్రాములు మిగలాలని లెక్క. అమ్మాయి త్రాసు మీద 50 గ్రాములు తూచి వేడి చేయగా 32 మిగిలింది. సిద్ధాంతానికి ఇంచుమించు దగ్గర. ఈ పొడిని తడిచేతితో తాకరాదు. బట్టల సోడా కూడా ఇదే గదా అని దానిని తెచ్చి వాడటం అసలే కూడదు. అది తినటానికి శుద్ధి చేసినది కాదు.

మైదా 400 గ్రాములు, నీరు 160, ఈ సోడా 6, ఉప్పు 4. సోడా, ఉప్పు నీటిలో పూర్తిగా కరిగాక పిండిలో చల్లాలి. ముద్ద కాదు, మొదట రవ్వలా పొడిపొడిగా ఉంటుంది; నీరు చాలలేదని పోస్తే చెడిపోతుంది. అరగంట మూసి ఉంచి, తడిగుడ్డ కప్పి, బలంగా మర్దించాలి. మేము ఇంజనీరింగు బుద్ధితో దానిని జంతికల గొట్టంలో పెట్టి తిప్పాము. పిడి విరిగింది. అమ్మాయి అత్తగారు ఇచ్చిన గొట్టమట అది. ఆ తరువాత బుద్ధిగా చపాతీ కర్రతో పలుచగా వత్తి, పిండి చల్లి, మడతలు పెట్టి కత్తితో కోశాము.

ఎదురింటి బెన్ పోంక్ తెచ్చి ఇవ్వటానికి వచ్చి ఈ అవస్థ చూసింది. పోంక్ అంటే లేత జొన్న కంకులు కాల్చి నలిపిన పచ్చటి గింజలు, మన ఊచబియ్యమే. చలికాలంలో సూరత్ వారికి ప్రాణం. పసుపు వేయకుండానే పిండి పచ్చబడటం చూసి ఆమె, ఇది మా పాపడ్ ఖారో వ్యవహారమే గదా అన్నది. నిజమే. అప్పడాల పిండిలో క్షారం కలపటం మన అమ్మలకూ తెలుసు. జపాను విద్య అని మేము మురిసినది ఆమెకు పాత సంగతి.

సరకులలో రొయ్యలకు కొదువ లేదు. సూరత్, నవసారి తీరాన రొయ్యల చెరువులు విస్తారం. నాన్‌పురా చేపల బజారులో రొయ్యలు, స్క్విడ్, గుల్లలు కొన్నాము. ఎండు నెత్తళ్ళు మాత్రం లింబాయత్‌లో ఒక తెలుగు దుకాణంలో దొరికాయి. జపానులోనూ ఇటువంటి చిన్న చేపలనే ఉప్పునీటిలో ఉడికించి ఎండబెట్టి నిబోషి అంటారు. తలలు, పొట్టలు తీసివేయకపోతే చారు చేదెక్కుతుంది.

చేపలు ఫ్రిజ్‌లోకి చేరాక అసలు చిక్కు తలెత్తింది. ఆ అపార్టుమెంటులో మాంసాహారం వండరాదని రాసిన నియమం లేదు. రాయని నియమం ఉన్నది. అమ్మాయి ఎప్పుడు వండినా కిటికీలు మూసి, అగరువత్తులు వెలిగించి, దొంగతనంగా వండుకొనేది. ఈసారి మా శ్రీమతి ఒప్పుకోలేదు. "వాసన ఎంత దూరం పోతుందో నాకు తెలియదు. తెలియని పని నేను దాచి చేయలేను" అన్నది. శనివారం సాయంత్రం తానే వెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది. మేము వెనుక నిలుచున్నాము. తనకు వచ్చిన కొద్దిపాటి హిందీలో, తనకు మూడేండ్లుగా ముక్కు పనిచేయటం లేదనీ, రేపు చేపలు వండుతున్నాననీ, వాసన ఇబ్బంది పెడితే వెంటనే చెప్పాలనీ అడిగింది. సొంత తోబుట్టువులకు చెప్పని మాట అది. బెన్ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, సాయంత్రం దీపం పెట్టే వేళ మాత్రం వద్దనీ, మధ్యాహ్నం అయితే తన కిటికీ మూసుకొంటుందనీ, పొట్టు, తలకాయలు మెట్ల దగ్గర బుట్టలో వేయవద్దనీ చెప్పింది. అంతే. మంచిమాటలేమీ ఆడలేదు. తలుపు మెల్లగా మూసింది. మాకు అది చాలు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు పని మొదలయింది. కొంబు పట్టీని, శుభ్రం చేసిన నెత్తళ్ళను రాత్రే నీటిలో నానవేశాము. సన్నని సెగ మీద పెట్టి, 60 డిగ్రీల దగ్గర కాసేపు నిలిపి, మరగక ముందే కొంబు తీసివేయాలి. మరిగితే జిగురు వస్తుంది. థర్మామీటరు పట్టుకొని నిలబడటం మా ఉద్యోగం. కొంబు తీశాక నెత్తళ్ళను పది నిమిషాలు కాచి వడగట్టాము. వేరే బాణలిలో రొయ్య తలకాయలు నూనెలో ఎర్రబడేదాకా వేయించి, నలిపి, ఈ చారు పోసి మరిగించి మళ్ళీ వడగట్టాము. పచ్చి రొయ్య తలలో రుచి అంతా ఉంటుంది. పారవేసేవారు దానిని నష్టపోతున్నారు. వెడల్పాటి బాణలిలో పెద్ద మంట మీద క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, మొలకెత్తిన పెసలు వేయించి, చారు పోసి, నూడుల్స్ వేసి, రెండు నిమిషాలయ్యాక రొయ్యలు, గుల్లలు, చివరన స్క్విడ్ వేయాలి. స్క్విడ్ నిమిషం దాటితే రబ్బరు అవుతుంది.

ఉప్పు దగ్గర మాకూ ఆమెకూ తగవు వచ్చింది. లీటరుకు పది గ్రాములని మేము లెక్క కట్టి, గుల్లలలోని ఉప్పు ఎంతో అంచనా వేసి, తగ్గించి వేశాము. ఆమె గరిటె మూతికి ఆనించి, కళ్ళు మూసుకొని, నాలుక మీద నిలుపుకొన్నది. "వెనుక ఏదో నిండుగా ఉందండీ. ముందు మాత్రం ఖాళీగా ఉంది" అన్నది. చిటికెడు వేసింది. మళ్ళీ చూసింది. మరొక చిటికెడు, రెండు చుక్కల నిమ్మరసం. మేము వద్దన్నాము. ఆమె వినిపించుకోలేదు. మా ఇంట్లో ఇరవై ఎనిమిదేండ్లు ఇదే జరిగేది, మధ్యలో ఆ రెండున్నర ఏండ్లు తప్ప.

ఒంటిగంటన్నరకు జపాను అతిథి వచ్చారు. అరవైకి దగ్గర పడిన మితభాషి. గిన్నె రెండు చేతులతో ఎత్తి చారు జుర్రి, ఒక్క క్షణం ఆగి, గిన్నె దించకుండానే రెండవసారి జుర్రారు. నూడుల్స్ కొంచెం మందమనీ, తమ ఊరిలో ఇంకా తెల్లగా ఉంటుందనీ, చారు మాత్రం తమ ఊరిది కాదనీ, కానీ చాలా బాగున్నదనీ అల్లుడితో చెప్పారు. నిమ్మరసం ఎవరు వేశారని అడిగారు. అమ్మాయి తల్లిని చూపించింది. ఆయన లేచి నిలబడి నడుము వంచి నమస్కరించారు. మా శ్రీమతి కంగారుగా తానూ లేచి చేతులు జోడించింది. వడ్డించటం అమ్మాయికి వదలి, ఆమె గిన్నె ఖాళీ చేసి, మరొక గరిటె పోయించుకొన్నది. వాసన వచ్చిందా అని మేము అడగలేదు. రాలేదని తరువాత ఆమే చెప్పింది.

సాయంత్రం ఐదు గంటలకు కిటికీలన్నీ తెరిచి, గిన్నెలు నిమ్మతొక్కలతో తోమి, పొట్టు అంతా రెండు సంచులలో కట్టి మేమే కింద పెద్ద తొట్టెలో వేసి వచ్చాము. బెన్ తలుపు తెరవలేదు. మరునాడు ఉదయం పాలవాడు వచ్చినప్పుడు మాత్రం కనిపించి, "కల్ ఠీక్ థా" అన్నది. ఆ మధ్యాహ్నమే మా శ్రీమతి, అమ్మాయితో, "రేపు పప్పుచారు నేను పెడతాను. ఇంగువ వేసినప్పుడు మీ నాన్నను పక్కన నిలబెట్టు" అన్నది.

విశాఖ తిరిగి వచ్చినప్పటి నుండి ఆ ఉద్యోగం మాకు స్థిరపడింది. వంటమనిషి వారానికి మూడు రోజులే వస్తున్నది. తక్కిన రోజులలో ఉదయం ఆరున్నరకు, గ్యాసు మీటరులో పచ్చదీపం చూసి, పోపు దగ్గర ముక్కుతో నిలబడటం మా పని. మాడబోతున్నదని మేము చెప్పేసరికి సాధారణంగా మాడిపోతూనే ఉంటుంది. కొంబు పొట్లంలో ఇంకా నాలుగు పట్టీలు మిగిలి ఉన్నాయి. చివరిసారి ఆమె ఒక ముక్క టమాటా పప్పుచారులో వేసి చూసింది. మన క్వార్టర్లలో మా పక్కింటివారు ఏమి వేశారని అడిగి గిన్నెడు తీసుకొని వెళ్ళారు.